సర్వప్పకు ఎన్ని బొక్కలు

ఆడమనిషి కొప్పులో ఏమేం పడతాయో మగవాళ్లకు తెలియదు. తంబాకు పొట్లం పడుతుంది, అగ్గిపెట్టె పడుతుంది, సగానికి విరిచిన బ్లేడు పడుతుంది. ఒకసారి ఒకామె కొప్పులోంచి వెండి కడియం తీశాను. కాలిది, చేతిది కాదు. ఇవి నేను ఎక్కడా చదివి చెప్పడం లేదు. నా చదువు రెండో తరగతి దాకే. చేతులు పెట్టి వెదికి చెబుతున్నాను.

మా ఇంటాయన జైలు జవాను. ప్రత్యేక రాష్ట్రం కావాలని పోరగాళ్లు బడులు బందు పెట్టి జైళ్లు నింపిన ఏడాది ఆయనకు ఈ కొలువు దొరికింది. మనుషులు చాలక తీసుకున్నారు, తర్వాత తీసేయడం మరిచిపోయారు. మొదట ఆదిలాబాద్ వైపు చేశాడు. ఆ తర్వాత కరీంనగర్ వైపు ఒక పాత తాలూకా ఊరి సబ్ జైలుకు బదిలీ అయింది. నాలుగు గదుల జైలు. మూడు మగవాళ్లకు, గేటు పక్కనున్న చిన్న గది ఆడవాళ్లకు. ఆడ ఖైదీలు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్లు. అంతమాత్రానికి ఆడ జవానును ఎవరు పెడతారు? ఆడమనిషి వచ్చిందంటే జవాను పెళ్లాన్ని పిలవడమే అక్కడి పద్ధతి. ఖైదీ ఉన్నన్నాళ్లు నాకు దినకూలీ, ఖైదీ పోయిన నాటి నుంచి బంద్. అట్లా నేను జవానమ్మనయ్యాను.

మా క్వార్టరు జైలు గోడను ఆనుకుని ఉండేది. మా వంటింటి వెనక గోడ, ఆడవాళ్ల గది వెనక గోడ ఒకటే. పైన జానెడు గాలి సందు. అటు దగ్గితే ఇటు పొయ్యి దగ్గర వినిపించేది. నన్ను పిలవాలంటే గేటు జవాను ఆ గదిలోకి పోయి లాఠీతో గోడను రెండుసార్లు కొట్టేవాడు. పొయ్యిలో నిప్పుల మీద నీళ్లు చల్లి, బొగ్గులు మళ్లీ పనికొస్తాయని పక్కకు తీసి పెట్టి అప్పుడు పోయేదాన్ని. సర్కారు పని అని చెప్పి ఇంటి బొగ్గులను తగలబెట్టుకోలేం కదా.

పని ఇదీ. ఆడమనిషి లోపలికి వచ్చేటప్పుడు, కోర్టుకు పోయేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు తనిఖీ చేయాలి. కొప్పు విప్పాలి. చీర అంచులు వేళ్లతో నలిపి చూడాలి. నోరు తెరిపించి నాలుక కింద చూడాలి. కాలివేళ్ల సందులు చూడాలి. తర్వాత రిజిస్టరులో ఏం దొరికితే అది రాయాలి. నాకు కూడబలుక్కోకుండా రాయవచ్చినవి రెండే: ఒకటి నా పేరు, ఇంకొకటి ‘ఏమీ లేదు’. ఏదైనా దొరికితే మా ఇంటాయనను పిలిచి రాయించేదాన్ని. దొరకకపోతే నేనే రాసేదాన్ని.

అనుమానం మంచిది కాదని పురాణం చెప్పేవాళ్లు చెబుతారు. వాళ్లు జైల్లో పని చేసి ఉండరు.

ఆమె వచ్చింది వానాకాలం. ఇద్దరు పోలీసులు తెచ్చారు. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. చీర తడిసి మోకాళ్లకు అంటుకుంది. ఏడవడం లేదు. ఏడవని వాళ్లను నేను ఎక్కువ సేపు వెదికేదాన్ని.

‘ఏం జేసింది?’ అని ఆ ఇద్దరిలో పెద్దవాడైన జమేదారును అడిగాను.

‘యారాలిని బాయిల దొబ్బిందట. గట్టు పంచాయితి. కాదు, కాలుజారి వడ్డదని గీమె అంటది.’

‘సూసినోళ్లు లేరా?’

‘ఎవలున్నరు? గీమె బిడ్డ ఒక్కతే ఉండె ఆడ. నాలుగేండ్ల పొల్ల. దాన్ని అడుగుదామా వద్దా అని మా పెద్దసాబు ఇంకా ఆలోచన జేస్తుండు. మేం పోయేవరకే పొల్లను అమ్మమ్మ ఊరికి దాటిచ్చిన్రు.’

తోటికోడలి చావు కబురు చెబుతూ బీడీ వెలిగించుకున్నాడు. అగ్గిపుల్ల గేటు లోపల పడేశాడు. తీసి ఆయన చేతిలోనే పెట్టాను.

తనిఖీలో ఏమీ దొరకలేదు. కొప్పు కట్టుకుంటూ ఆమె నోరు తెరిచింది.

‘జవానమ్మా, ఒక్క మాట. మా అవ్వ ములాఖతుకు అస్తది. నా బిడ్డను మాత్రం ఈడికి తీస్కరావద్దని జెప్పు.’

‘కన్నబిడ్డను సూడబుద్ధి గాదా నీకు?’

‘కాదు’ అంది.

తల్లి తన బిడ్డను చూడనంటే నాకు తోచిన కారణం ఒకటే. ఆ పిల్ల ఏదో చూసింది. ఇక్కడికి వస్తే పోలీసుల కళ్లలో పడుతుంది. అడుగుతారు. చెబుతుంది. అంతే కదా? ఆ రోజు నుంచి ఆమె మీద రెండు కళ్లూ పెట్టాను.

వాళ్ల అవ్వ, అంటే ఆమె తల్లి, బుధవారం, శనివారం వచ్చేది. కోర్టు తేలని ఖైదీలకు ఇంటి తిండి ఇవ్వచ్చు. ముసలామె అల్యూమినియం డబ్బా తెచ్చి గేటు దగ్గర పెట్టి పక్కకు నిలబడేది. చీపురుపుల్లతో పప్పు కలిపి చూసేదాన్ని. జొన్నరొట్టెను నాలుగు తునకలు చేసేదాన్ని. మామిడి తొక్కులో ముక్క ముక్కా పక్కకు జరిపి చూసేదాన్ని. అన్నిటికంటే పైన ఎప్పుడూ ఒక సర్వప్ప ఉండేది. మా దిక్కు తెలియని ఇల్లు లేదు: బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం, కరివేపాకు వేసి పిసికి, సర్వ గిన్నె లోపలి గోడలకు పలుచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె పోసి కాల్చేది. పలుచగా ఉంటుంది కదా, వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు, లోపల ఏదీ దాగదు. అందుకే దాన్ని విరవకుండా లోపలికి ఇచ్చేదాన్ని.

ఒక బుధవారం డబ్బా వాపసు తీసుకుందామని పోయి కటకటాల పక్క నుంచి చూశాను. ఆమె సర్వప్పను ఒళ్లో పెట్టుకుంది. తినడం లేదు. ఒక్కో బొక్క మీద వేలు పెట్టి, తీసి, పక్క బొక్క మీద పెడుతోంది. పెదాలు కదులుతున్నాయి. చివరి దాకా పోయి మళ్లీ మొదటి నుంచి.

నేను చదివేది అట్లాగే. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ, వరుస తప్పితే మళ్లీ మొదటికి వస్తూ. ఆమె చదువుతోంది.

‘ఏం జేస్తున్నవే?’

‘ఏం లే’ అని కొంగు కప్పేసింది.

శనివారం వచ్చిన సర్వప్పను గేటు దగ్గర నిదానంగా చూశాను. పదకొండు బొక్కలు. మా వంటింటి గోడ మీద బొగ్గుతో పదకొండు గీతలు పెట్టుకున్నాను. మళ్లీ బుధవారం ఆరు. ఆ మీది శనివారం పద్నాలుగు. ఆమె కోర్టు తారీకు పద్నాలుగు అని రిజిస్టరులో ఉంది. బొక్కలు కూడా సరిగా లేవు. ఎవరైనా అంతటా సమంగా పెడతారు. వీటిలో అన్నీ ఒక దిక్కునే గుమిగూడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మిగతా అంతా ఖాళీ. రెండు తరగతులు చదివినా లెక్క తెలుసు నాకు.

అన్నం తింటుంటే మా ఇంటాయనకు చెప్పాను.

‘గా సర్వప్పల ఏదో ఉన్నది.’

‘నువ్వులుంటయి, పల్లీలుంటయి.’

‘నగకు. బొక్కలు లెక్కవెట్టిన. దినానికో తీరుగున్నయి.’

‘బొక్కలు వెట్టకపోతే నూనె ఏడ వోస్తరే?’

‘సర్వప్ప జేసుడు నాకు నువ్వు నేర్పుతవా? గామె వాటి మీద వేలు వెట్టి సదువుతుంది. నేను సూసిన.’

ఆయన ముద్ద చేతిలోనే ఆగింది. ఆ రోజులు మా దిక్కు మంచివి కావు. రాత్రికి రాత్రి గోడల మీద ఎర్ర అక్షరాలు మొలిచేవి. తెల్లారేసరికి పోలీసులు సున్నం కొట్టిన మనిషి నుంచి సున్నం అమ్మిన మనిషి దాకా అందరినీ పట్టుకెళ్లేవాళ్లు. జైల్లోంచి మాట బయటికి పోయిందంటే ముందు పోయేది జవాను కొలువే. ఆయన చేయి కడుక్కుని పోయి జైలరుకు చెప్పాడు.

జైలరు సాబు ముసల్మాను, నెమ్మదస్తుడు. నన్ను పిలిపించి, సర్వప్పను కళ్లద్దాల ముందు ఎత్తి పట్టి చాలా సేపు చూశాడు.

‘అమ్మా, నాకైతే గిది సర్వప్ప లెక్కనే కనవడుతుంది. వాసన గూడ గట్లనే ఉన్నది.’

‘బొక్కలు సూడుండ్రి సాబ్.’

‘సూస్తున్న. ఆకలైతుంది.’

అయినా ఊరుకోలేక స్టేషనుకు కబురు పెట్టాడు. ఒక పోలీసు వచ్చి తెల్ల కాగితం మీద గుండ్రంగా గీసి, లోపల చుక్కలు పెట్టాడు. నాలుగు సార్లు తుడిచి మళ్లీ పెట్టాడు. మా ఇంటాయన వంగి చూసి ‘గిదేందన్నా, సంక్రాంతి ముగ్గా?’ అన్నాడు. పోలీసు నవ్వలేదు. కాగితం మడిచి పట్టుకుపోయాడు. విచారణ అయ్యేదాకా ఆ ఖైదీకి సర్వప్ప బంద్ అని జైలరు హుకుం ఇచ్చాడు. మిగతా తిండి ఇవ్వచ్చు.

శనివారం సర్వప్పను తీసి ముసలామె చేతిలో పెట్టి, రొట్టె, పప్పు లోపలికి పంపాను. లోపల ఆమె డబ్బా మూత తీసి చూసింది. మళ్లీ మూత పెట్టి నా దిక్కు జరిపింది. ఆ రోజు తినలేదు. ఆదివారం జైలు అన్నం కూడా తినలేదు. సోమవారం నీళ్లు మాత్రం తాగింది.

‘పస్తులుంటే ఇడిచిపెడ్తరనుకుంటున్నవా? సంకేతం అందకపోయేవరకు అన్నం సయిస్తలేదా?’ అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. గోడ దిక్కు తిరిగి పడుకుంది.

మంగళవారం కూడా పళ్లెంలో అన్నం అట్లాగే ఉంది. ఖైదీ పస్తుండి పడిపోతే అడిగేది నన్నే. బుధవారం ముసలామె రాగానే గేటు దగ్గర ఆపకుండా మా క్వార్టరు వెనక్కి తీసుకుపోయాను.

‘నిజం జెప్పు అవ్వా. సర్వప్ప మీద బొక్కలు ఎవలు వెడ్తున్నరు? ఎవలు వెట్టుమంటున్నరు?’

ముసలామె డబ్బా కింద పెట్టి, నా మాట అర్థం కానట్టు నిలబడింది. తర్వాత చెప్పింది.

‘నా మన్మరాలు వెడ్తది జవానమ్మా. అవ్వకు నేనే జేస్త, నేనే జేస్త అని ఏడుస్తది. పొయ్యికాడికి రానియ్య. పొయ్యి మీద వెట్టకముందు వేలు వెట్టుమంట. గంతే.’

‘తల్లి ఏడున్నదని జెప్పిన్రు పిల్లకు?’

‘కొండగట్టు మీద. నలుబై ఒక్క దినాలు అంజన్న గుడికాడ పండుకునే మొక్కున్నదని.’

‘నలుబై ఒక్కటి ఎన్నడో ఒడిసె గద.’

‘దానికి ఇరువై దాటి లెక్క రాదమ్మా.’

కళ్లు తుడుచుకుంది. ముసలివాళ్లు ఏడ్చినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదు. మా అత్త ఏడుస్తూనే అబద్ధాలు చెప్పేది, పైగా మంచిగా చెప్పేది.

‘రేపు అంగడి. పిల్లను తీస్కొని మా ఇంటికి రా. నా కండ్ల ముంగట వెట్టాలె బొక్కలు. పిండి నువ్వే తెచ్చుకో. నూనె గూడ.’

ముసలామె మొహం తెల్లబోయింది.

‘పిల్లను జైలుకు తేవద్దని నా బిడ్డ ఒట్టువెట్టిచ్చుకున్నది.’

‘గిది జైలు గాదు. నా వంటిల్లు.’

‘గోడ ఒక్కటే గద జవానమ్మా.’

‘ఒక్కటే. ఇవుతలి దిక్కు నాది.’

ముసలామె వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. గురువారం ఎండ నెత్తిన ఉండగా, చంకలో పిండి మూట, కొంగు పట్టుకుని ఆ పిల్ల. రెండు జడలు, ఒక జడకే రిబ్బను. మోకాలి మీద ఎండిన దెబ్బ. మా ఇంటాయన డ్యూటీలో ఉన్నాడు. గోడ అవతలున్న తల్లికి నేను ఏమీ చెప్పలేదు. ముందుగా చెబితే మనిషి ఏదో ఒకటి సర్దుకుంటుంది. సర్దుకోని మనిషి ఏం చేస్తుందో చూడాలనుకున్నాను.

‘అమ్మమ్మా, గిదెవలిల్లు?’ అంది పిల్ల.

గోడ అవతల తగరపు పళ్లెం కింద పడిన చప్పుడైంది. పళ్లెం గిరగిరా తిరిగి ఆగిపోయింది.

‘గా చప్పుడేంది?’

‘పిల్లి’ అన్నాను.

పిండి పిసికాం. నూనె కొంచెం తక్కువే తెచ్చింది ముసలామె, నా సీసాలోంచి ఒక చెంచా పోయాల్సి వచ్చింది. పిండిని సర్వ లోపలంతా ఒత్తి పిల్ల ముందు పెట్టాను. పిల్ల గొంతుక్కూర్చుని సర్వలోకి చేయి పెట్టింది. అప్పుడు చూశాను. చేయి పొట్టిది. సర్వ అవతలి గోడ దాకా అందదు. ఇవతలి దిక్కునే, అందినంత వరకే, ఒకదాని పక్కన ఒకటి గుచ్చుతోంది. లెక్క కూడా పెడుతోంది.

‘ఒకటి, రెండు, మూడు, ఏడు, ఎనిమిది, ఏడు...’

‘సాలు బిడ్డా, జల్లెడైతది’ అంది ముసలామె. పిల్ల ఆగింది. ఆమె సాలు అన్నప్పుడు ఎన్ని ఉంటే అన్ని. ఆరూ, పదకొండూ, పద్నాలుగూ అట్లా వచ్చాయి.

నా చూపుడువేలు ఒక బొక్కలో పెట్టి చూశాను. పట్టలేదు. ఉంగరపు వేలు పట్టలేదు. చిటికెన వేలి కొస పట్టింది.

పొయ్యి మీద పెట్టి మూత వేశాం. పిల్ల నా దిక్కు చూసి అడిగింది.

‘కొండగట్టు మీద కోతులుంటయట గద. మా అవ్వ సర్వప్పను కోతులు గుంజుకపోవా?’

‘పోవు’ అన్నాను. ‘ఆడ తలుపున్నది. బయట ఒక జవానమ్మ ఉంటది, కట్టె వట్టుకొని.’

‘గామె తినదా?’

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా మనసు ఇంకొక దగ్గర ఉంది. పిల్ల నా ముందు కూర్చుంది. చురుకైన పిల్ల. భయం లేదు. ఏది అడిగినా చెప్పేటట్టు ఉంది. తల్లి ఎందుకు దాచిందో, బావి దగ్గర ఏం జరిగిందో ఒక్క మాటతో బయటికి వస్తుంది. పెద్దసాబు ఆలోచన చేస్తూనే ఉన్నాడు. నేను వంటింట్లో కూర్చుని తేల్చేయగలను.

‘బిడ్డా’ అన్నాను. ‘గా దినం మీ బాయికాడ...’

‘మా బాయిల చాపలున్నయి’ అంది పిల్ల. ‘మా పెద్దమ్మ...’

ముసలామె చేతిలో అట్లకాడ ఆగిపోయింది. గోడ అవతల గాలి పీల్చిన చప్పుడు కూడా లేదు.

‘మాడు వాసనస్తుంది. మూత తియ్యి అవ్వా’ అన్నాను.

పెద్దవాళ్ల నోళ్లు ఎన్నో తెరిపించి నాలుక కింద వెదికాను. ఆ పిల్ల నోరు తెరిపించలేదు. నా పని ఒంటి మీద దాచినవి వెదకడం, నాలుగేళ్ల పిల్ల చేత తల్లిని పట్టించడం కాదు అనుకున్నానేమో. లేదా ఆ మాట విన్నాక దాన్ని నేనేం చేసుకోవాలో తెలియకనేమో.

పిల్లకు ఒక ముక్క పెట్టి, వాళ్లిద్దరినీ వెనక తోవలో పంపించి, మిగిలింది పట్టుకుని ఆడవాళ్ల గదికి పోయాను. హుకుం ఉంది, తెలుసు. పరీక్షకు చేసింది కదా అని తీసుకుపోయాను. ఆమె గోడకు చెవి ఆనించి కూర్చుంది. చీర కొంగు నోట్లోకి కుక్కుకుంది. నన్ను చూసి తీసింది. కొంగు మీద పళ్ల గుర్తులున్నాయి.

‘అడిగెటట్టే ఉంటివి’ అంది.

‘అడుగలే.’

‘ఎందుకడుగలే?’

‘సర్వప్ప మాడుతుండె.’

దాన్ని ఆమె ముందు పెట్టాను. ఆమె బొక్కల మీద వేలు పెట్టలేదు. నేను ఉన్నానని.

‘దొబ్బినవా?’ అని అడిగాను.

‘నేనేం జెప్పినా నువ్వు నమ్ముతవా?’

‘నమ్మ.’

‘మరెందుకు అడుగుతవ్ జవానమ్మా?’

అదీ నిజమే. బయటికి వచ్చి తాళం వేశాను. కొంచెం సేపటికి నమిలే చప్పుడు వినిపించింది. మాడిన దిక్కు ముందు తిన్నట్టుంది, కరకరమంది.

మరునాడు జైలరు సాబు దగ్గర నిలబడ్డాను. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు, మా ఇంట్లో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

‘సాబ్, గా బొక్కల్ల ఏం లేదు. నాదే తప్పు.’

‘ఎట్ల తెలిసింది?’

పిల్ల వేలు అని చెబితే పిల్ల ఏ ఊళ్లో ఉంది, ఎప్పుడు వచ్చింది, ఎవరితో వచ్చింది అని అడుగుతారు. కాగితం మీదికి ఎక్కుతుంది. కాగితం పెద్దసాబు దగ్గరికి పోతుంది.

‘ముసల్దానికి కండ్లు సరిగ కనవడయి సాబ్. అందుకే బొక్కలన్నీ ఒక్క దిక్కే వడ్డయి. పిలిచి చేయించి సూసిన.’

మా ఇంటాయన జైలరు వెనక నిలబడి ఉన్నాడు. వంటింట్లో నేల మీద పిల్ల రిబ్బను పడి ఉంటే పొద్దున ఆయనే తీసి నా చేతికిచ్చాడు. ఇంటికి వచ్చాక అన్నాడు.

‘నీకు అబద్ధాలాడుడు ఎన్నడొచ్చింది?’

‘నీతోని సంసారం జేసి.’

అక్కడ జైలరు సాబు మాత్రం నా మాట విని తల గోక్కున్నాడు. ‘అమ్మా, ఒక్కసారి కాగితం మీదికెక్కినంక నేను తుడుపరాదు. గా బొమ్మ ఏ ఆఫీసుల ఉన్నదో ఏమో. ఒక పని జెయ్యి. సర్వప్ప ఇయ్యి. గని నాలుగు ముక్కలు జేసి ఇయ్యి. బొక్కల లెక్క ఎవలకు దొరుకొద్దు. నీకు ఫికర్ లేదు, నాకు ఫికర్ లేదు.’

శనివారం నుంచి సర్వప్ప మళ్లీ లోపలికి పోయింది. నాలుగు ముక్కలు చేయాలని హుకుం. ఎక్కడ విరవాలో హుకుంలో లేదు. గేటు దగ్గర అందరి ముందే విరిచేదాన్ని. బొక్కల మీదుగా విరిస్తే సులువుగా విరుగుతుంది, సర్వప్ప చేసిన ఎవరికైనా తెలుసు. నేను బొక్కలు లేని ఖాళీ దిక్కున విరిచేదాన్ని. అక్కడ దళసరిగా ఉండి వేళ్లు నొప్పి పుట్టేవి. మూడు ముక్కలు ఉత్తవి అయ్యేవి. ఒక్కదానిలోనే అన్నీ ఉండేవి. గేటు జవాను చూస్తూ ‘గిదేం విరుసుడు వదినే, పంచుకునే తెలివి లేదా?’ అనేవాడు. ‘నీ ఇంట్ల నువ్వు పంచుకో పో’ అనేదాన్ని.

ఆమె నాతో దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోర్టుకు పోయి వచ్చినప్పుడల్లా కొప్పు విప్పేదాన్ని, నోరు తెరిపించేదాన్ని. మునుపు ఎంతసేపు వెదికేదాన్నో అంతసేపే. ఆమె మొహం మునుపటి లాగానే మూసిన తలుపు.

చలికాలం మొదట్లో ఆమెను పెద్ద జైలుకు పంపమని కాగితం వచ్చింది. అక్కడ ఆడ జవాన్లు ఉంటారు, ఇంటి తిండి ఉండదు, ముసలామె బస్సు మారి బస్సు మారి పోలేదు. పోలీసులు గేటు దగ్గర తొందర పెడుతున్నారు. చివరి తనిఖీ. కొప్పులో ఏమీ లేదు. నోట్లో ఏమీ లేదు. చీర అంచు నలుపుతూ పోతుంటే కుచ్చిళ్ల దగ్గర వేళ్లకు గట్టిది తగిలింది. నాలుగు వేళ్లంత. దారంతో కుట్టి ఉంది. ఆ దారం జైలు దుప్పటి నుంచి లాగింది, రంగు చూడగానే గుర్తుపట్టాను.

ఆమె ఊపిరి ఆపింది. నేను గుడ్డ మీది నుంచే తడిమి చూశాను. ఎండి పెంకులా గట్టిపడ్డ సర్వప్ప ముక్క. నడుమ బొక్క. చిటికెన వేలు పెట్టి చూశాను. గుడ్డ కొంచెం లోపలికి దిగింది.

లోపలి నుంచి బయటికి ఏదీ పోకూడదు. చీపురుపుల్ల కూడా పోకూడదు. ఇన్నేళ్లలో నేను పోనివ్వలేదు.

‘అయ్యిందా జవానమ్మా?’ అని బయటి నుంచి జమేదారు అరిచాడు.

అంచు వదిలేసి చీర సర్దాను. రిజిస్టరు ముందుకు లాక్కుని, వేలు పెట్టుకుని గడి వెదికి, ‘ఏమీ లేదు’ అని రాసి నా పేరు రాశాను. ఆమె గడప దాటేటప్పుడు దండం పెట్టబోయింది. ‘నడువు, బస్సు పోతది’ అన్నాను.

ఆ తర్వాత ముసలామె ఒకసారి అంగట్లో కనిపించింది. పిల్లను ఎవరూ అడగలేదట. బడికి పోతోందట. వంద దాకా లెక్క వచ్చిందట, ఇప్పుడు కొండగట్టు అంటే నమ్మడం లేదట. కేసు ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కాలు జారి పడిందో, తోసిందో నాకు తెలియదు. తోసిందనే నా అనుమానం. ఇప్పటికీ అదే అనుమానం.

అంతకు ముందే, ఆ ఖైదీ పెద్ద జైలుకు పోయిన నెలకు, నేను పప్పు ఎసరు పెట్టుకున్న వేళ, గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి. నిప్పుల మీద నీళ్లు చల్లి, బొగ్గులు పక్కకు తీసి పెట్టి పోయాను. వచ్చినామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. కొప్పు విప్పాను. ఏమీ లేదు. మనసు ఒప్పక ఇంకోసారి చూశాను. రెండోసారి, జడపాయ లోపల, బ్లేడు దొరికింది. మా ఇంటాయనను పిలిచి రాయించాను.